మబ్బు తీసే పని

మా ఇంట్లో మేఘాన్ని మోడం అంటాం. మబ్బు వేరే. కోడి కూసిన తరువాత, పొద్దు పొడవక ముందు ఉండే నల్లటి వేళకు మబ్బు అని పేరు. ఎవరైనా మబ్బులో లేచి పోయాడంటే ఆకాశంలోకి ఎగిరిపోయాడని కాదు, వెలుతురు రాకముందే చేనికి బయలుదేరాడని. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. ఈ రెండు మాటల సందులోనే మా చిన్నకూతురి ఉద్యోగం ఇరుక్కుంది.

జమ్మలమడుగు నుంచి ముద్దనూరుకు పోయే దారిలో మా ఊరు. మేము దూదేకులవాళ్లం. పరుపులు కొట్టే యంత్రాలు వచ్చి దూది ఏకే మా విల్లును మూలన పెట్టించాక కొంచెం మెట్ట చేను పట్టుకొని శెనక్కాయ వేసుకుంటున్నాను. ఆ యేడు పుబ్బ కార్తెలో ఒక మధ్యాహ్నం చేను నుంచి ఇంటికి వస్తే, చిన్నకూతురు నడవలో మంచం మీద కూర్చుని ఒళ్లో కంప్యూటరు పెట్టుకొని ఉంది. తెర మీద తెల్లటి మరకలు. వేలితో ఒక్కొక్క మరక చుట్టూ గీత గీస్తోంది.

"ఏం చేస్తాండావు మ్మే?" అన్నాను.

"మబ్బు తీస్తాండా నాయనా."

"మబ్బును తీసేది పొద్దు గదా. ఆ పని నీకెవరిచ్చిరి?"

"మబ్బంటే మోడం నాయనా. హైదరాబాదోళ్లు అట్లనే అంటారు. పని చేసేటప్పుడు అదే నోటికొస్తాంది."

"మోడం తీసేస్తాండావా?"

"ఊఁ. మోడమున్న బొమ్మ పనికిరాదు."

నేను కాళ్లు కూడా కడుక్కోకుండా అక్కడే నిలబడిపోయాను. నా బతుకంతా మోడం లేని ఆకాశం పనికిరాదని విన్నాను, అన్నాను, తిట్టాను. మా సీమలో పుట్టిన పిల్ల, మోడాన్ని తీసి పారేసి కూలి తీసుకుంటుందని ఎవరైనా చెప్పి ఉంటే వాడికి ఎండదెబ్బ తగిలిందనుకునేవాణ్ణి.

ఆ పని ఏమిటో తను చెప్పగా నాకు తెలిసినంత మేరకు చెబుతాను. శాటిలైటు పైన తిరుగుతూ కొన్నాళ్లకొకసారి మా మీదుగా పోతుంది. పోతూ పోతూ నేలను బొమ్మ తీస్తుంది. ఆ బొమ్మ వచ్చింది వచ్చినట్టు ఎవరికీ పనికిరాదట. గాలిలోని దుమ్మూ పొగా వేసిన మసకను తుడవాలి. పోయినేటి బొమ్మ మీద ఈ యేటి బొమ్మను కచ్చితంగా కూర్చోబెట్టాలి. మోడాన్నీ, దాని నీడనూ తీసేయాలి. అప్పుడు గాని, ఎక్కడ పంటచేను బీడైంది, ఎక్కడ బీడు గని అయింది, ఏ ఊరు ఎంత పెరిగింది అని పైవాళ్లు లెక్క తేల్చలేరు. తన వంతుకు వచ్చిన షీటులో, అంటే పటం ముక్కలో, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, వాటి మధ్య నేల అంతా ఉంది. ఈ వానాకాలపు షీటు బాగా చేసిస్తే హైదరాబాదు కంపెనీవాళ్లు ఉద్యోగంలో ఉంచుకుంటారు. లేదంటే ఇంతటితో సరి.

ఇంతటితో సరి అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఆ పిల్ల ఒక బట్టల అంగట్లో పనిచేసింది. పొద్దుననించి రాత్రి మూసేదాకా కూర్చోనివ్వరు. విప్పిన చీరలు మడతపెట్టడమే పని. ఇంటికొచ్చి కాళ్లు గోడకు ఆనించి పడుకునేది. ఈ పని పోతే మళ్లీ ఆ అంగడే.

"నీడను కూడా తీసేస్తావా?" అన్నాను ఆ రోజు, తన వెనక నిలబడి. ప్రతి తెల్ల మరకకూ పడమటి పక్కన కొంచెం దూరంలో ఒక నల్ల మరక. మోడం ఒకచోట, దాని నీడ ఒకచోట.

"తీయాల నాయనా. నల్లగుంటే చెరువనుకుంటుంది కంప్యూటరు."

"ఈ ఎండల్లో నీడ దొరికితే దాన్ని కూడా పారేసేది నువ్వొక్కదానివే మ్మే."

లోపలి నుంచి నా భార్య అందుకుంది. "బిడ్డను పని చేసుకోనీ. నువ్వు చేసే పనిలో నీడ యాడుంది, వాన యాడుంది?"

ఆ తరువాత పగటిపూట అన్నం తిన్నాక ఆ మంచం పక్కన ముక్కాలిపీట వేసుకొని కూర్చోవడం నాకు అలవాటైంది. ఊరికే చూసేవాణ్ణి.

నాకు అక్షరాలు నడివయసు దాటాక వచ్చాయి. అంతకు ముందు ప్రొద్దుటూరు బస్టాండులో ప్రతి బస్సు దగ్గరా నిలబడి "ఇది యాడికి పోతాదప్పా?" అని అడిగేవాణ్ణి. "కాశీకి పోతాది, ఎక్కు" అనేవాళ్లు కండక్టర్లు. ఊరి బడిలో పెద్దవాళ్లకు చదువు చెబుతారంటే పోయి కూర్చుని నేర్చుకున్నాను. నేర్చుకున్న కొత్తలో బస్సు బోర్డు చదవాలని గొప్ప ఆశ. జమ్మలమడుగు అనే పేరు చూశారా, ఎంత పొడుగో. మ-డు-గు దాకా కూడబలుక్కుని వచ్చేసరికి బస్సు గేటు దాటిపోయేది.

ఆ శాటిలైటు బొమ్మలో ఒక్క అక్షరం లేదు. ఊరికి పేరు లేదు, ఏటికి పేరు లేదు. అక్షరాలు రాకముందు నాకు కనిపించిన లోకం అది. అప్పుడు గోడల మీది రాతలు చూస్తే చీమలు పాకిన గుర్తుల్లా ఉండేవి. ఏదో చెబుతున్నాయని తెలుసు, ఏం చెబుతున్నాయో తెలియదు. మళ్లీ ఆ రోజుల్లోకి పోయి కూర్చున్నట్టు ఉండేది నాకు. కానీ ఈసారి సిగ్గు లేదు. పెన్న ఒక పాతగుడ్డలోంచి లాగిన దారంలా మెలికలు తిరుగుతూ పోతుంది. ప్రొద్దుటూరు ఎవరో చాట జారవిడిచి ఒలకబోసిన నూకల్లా ఉంటుంది. నాపరాళ్ల గనులు తెల్లబొల్లి మచ్చలు. పులివెందుల వైపు చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, గళ్ల చీర పరిచినట్టు. అన్నిటి నడుమా ఎక్కడో మా ఊరు, గోరంత.

"మన ఇల్లు చూపియ్యి మ్మే."

"కనపడదు నాయనా. ఇందులో ఒక్క చుక్క అంటేనే మన ఇల్లూ, పశువుల కొట్టమూ, ముందర రోడ్డూ కలిసినంత. అన్నీ కలిపి ఒకే రంగు."

"ఏం రంగు?"

తను ఆ చుక్కను పెద్దది చేసింది. ఎటూ కాని బూడిద రంగు. "ఇదే మనం" అంది. మేము ముగ్గురం, మేకలు, నీళ్ల తొట్టి, వేపచెట్టు, మంచం మీది ఈ కంప్యూటరు, అంతా ఆ ఒక్క చుక్కలో కరిగి ఉన్నాం. ఎందుకో నాకు అది బాగుంది. ఎవరెవరిదో చెప్పలేనట్టు ఉండటం బాగుంది.

రంగుల దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. ఒక రోజు చూస్తే చీనీ తోటలన్నీ నెత్తురు పోసినట్టున్నాయి.

"ఇదేంది, నిప్పంటుకున్యాదా?"

"ఎరుపంటే పచ్చదనం నాయనా. ఆకు ఎంత బలంగా ఉంటే అంత ఎరుపు. మన కంటికి కనపడని వెలుగొకటుంది, దాన్ని ఈ రంగులో చూపిస్తారు."

"పచ్చదాన్ని ఎర్రగా చూపేవాడు, రేపు ఎండిన చేన్ని పచ్చగా చూపడని ఏం నమ్మకం?"

"నువ్వు పోయి పండుకో నాయనా."

పడుకున్నాను కూడా. ఆ రోజుల్లో పగటి నిద్రలో కలలు వచ్చేవి. ఆ కలల్లో నాకు ఒళ్లు ఉండేది కాదు, చూపు మాత్రమే ఉండేది. ముద్దనూరు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాల పొగ మీదుగా తేలిపోతూ ఉంటాను. కింద అంతా ఎర్రగా, మెత్తగా. చప్పుడు ఉండదు. రెండు సంవత్సరాల రోడ్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, ఎవరో వాటిని మెల్లగా జరుపుతూ ఉంటారు. ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడగానే నాకు మెలకువ వచ్చేది. కళ్లు తెరిస్తే కూతురు నిజంగానే ఆ పని చేస్తూ ఉండేది. పోయినేటి బొమ్మ, ఈ యేటి బొమ్మ, మళ్లీ పోయినేటిది. అలా మార్చి మార్చి చూస్తుంటే పెన్న ఊపిరి తీసుకున్నట్టు లావవుతూ సన్నమవుతూ ఉండేది.

పనిలో తిప్పలు లేకపోలేదు. నాపరాళ్ల గనుల దగ్గర పోసిన తెల్లటి రాతిపొడి గుట్టలను కూడా కంప్యూటరు మోడమని కొట్టిపారేసేది. తను వాటిని ఒక్కటొక్కటిగా ఏరి మళ్లీ నేల మీద పెట్టేది. ఆ పని కళ్లు పోగొట్టే పని. అయినా చేసింది. అసలు చిక్కు వేరే చోట వచ్చింది.

షీటుకు కావలసింది ఉత్తర కార్తె నాటి బొమ్మ. శెనక్కాయ, పత్తి, అన్నీ చేలల్లో నిండుగా ఉండే కాలం. ఆ కాలంలో శాటిలైటు పోయిన ప్రతిసారీ మాకు మోడం కమ్మింది. పోనీ వాన పడిందా? అదీ లేదు. పొద్దున్నే వచ్చి కూర్చోవడం, సాయంకాలానికి లేచి పోవడం. ఉత్త చేతులతో వచ్చిపోయే చుట్టాలు. గడువులోగా శాటిలైటు ఇంకొక్కసారి మాత్రమే మా మీదుగా పోతుంది. ఆ పూట ఆకాశం తేటగా, తెల్లగా ఉండాలి. అది మా కూతురి కోరిక.

నా శెనక్కాయ ఊడలు దిగే వేళ అది. పూత రాలి, కాడ కిందికి వంగి, నేలలోకి దూరి, అక్కడ కాయ కట్టాలి. నేల రాయిలా ఉంటే ఊడ యాడికి దిగుతుంది? ఒక్క పదును వాన చాలు. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు పెద్దలు. ఉత్తరలో వాన లేకపోతే గంప నెత్తిన పెట్టుకొని ఊరు విడిచి పొమ్మని. నాకు మోడం కావాలి, అది కురవాలి. ఆ పూటే కావాలి.

"నీకేం పోయె నాయనా, వాన సాయంత్రం పడితే పడదా?" అనేది కూతురు. "శాటిలైటు పొద్దున పోతాది. పదీ పదకొండు మధ్యన. అది పోయినాక ఎంతైనా కురిపిచ్చుకో."

"నేను కురిపిచ్చేవాణ్ణయితే నీకు చెప్పే కురిపిస్తాను మ్మే."

నా భార్య ఇద్దరినీ చూసి నవ్వేది. "ఒకరు రా అంటారు, ఒకరు రావద్దంటారు. పైనుండేవాడు ఎవరి మాట వినాల? నా మిరపకాయలు మిద్దె మీద ఎండుతాండాయి. నేను బిడ్డ పక్క."

ఒకే పళ్లెంలో తినేవాళ్లం, ఒకే ఆకాశాన్ని రెండు రకాలుగా చూశాం ఆ వారమంతా. సాయంత్రాలు వాకిట్లో కూర్చుంటే పడమర నుంచి ఏదైనా తెల్లగా లేచేది. నా మనసు లేచేది. పక్కన కూర్చున్న పిల్ల ముఖం వాడేది. ఆ ముఖం చూసి నాకు లేచిన మనసు కూర్చునేది. తనకూ అంతే అనుకుంటాను. పొద్దున ఆకాశం కడిగిన తప్పెలలా ఉన్న రోజు నా వైపు చూసి, చూడనట్టు లోపలికి పోయేది.

హైదరాబాదులో తన పైన ఒకామె ఉంది. కోస్తా మనిషి. ఆమె శాటిలైటు పోయే ముందు రోజు ఫోన్ చేసి ఒక మాట చెప్పింది. పులివెందుల వైపు ఈ కాలంలో తరచూ మేఘాలు ఉంటున్నాయి, అనుమానంగా ఉంటే పొద్దున ఎనిమిదిలోపు చెప్పు, ఆ ముక్కను ఇక్కడ వేరేవాళ్లకు ఇస్తాను, వాళ్లు మేఘం లోంచి కూడా చూడగల వేరే రకం బొమ్మలతో చేస్తారు అని. అయితే అప్పుడు షీటు మొత్తం తనది కాదు. పరీక్షలో సగం పేపరు పక్కవాడు రాసినట్టే. ఆ మాట ఆమె అనలేదు, కూతురు అర్థం చేసుకుంది.

పులివెందులలో నా బామ్మర్ది ఉన్నాడు. చీనీ తోట. తెల్లవారగానే కూతురు వాడికి ఫోన్ చేసింది. వాకిట్లో నిలబడి, నాకు కూడా వినపడేలా పెట్టింది. మా ఆకాశం అప్పటికే తేటగా ఉంది. ఒక్క పోగు దూది లేదు. నేను పళ్లు తోముకుంటూ ఆ తేటదనాన్ని మనసులో తిడుతున్నాను.

"మామా, మీ ఆడ మబ్బు యెట్లుంది?"

"మబ్బా?" అన్నాడు వాడు. "మబ్బు యాడిదే? ఎప్పుడో పాయ."

"అంతా పోయిందా మామా? బాగా చూసి చెప్పు."

"చూసేదేముంది? నా కండ్లు బాగనే ఉండాయి. శుభ్రంగా తెల్లగుంది. మీ నాయన లేచినాడా, ఇంకా పండుకోనుండాడా?"

"లేచినాడు మామా, పెట్టేస్తా."

తను అక్కడికక్కడే పైనామెకు కబురు పంపింది. పులివెందులలో ఆకాశం తేటగా ఉంది, షీటు మొత్తం నేనే చేస్తాను అని. పంపి, నా వైపు తిరిగి నవ్వింది. నేను ఆ నవ్వుకు ఓడిపోయాను. పోనీలే, నా శెనక్కాయ పోతే పోయె అనుకున్నాను. అనుకున్నానని చెప్పను కూడా చెప్పాను.

పొద్దు బారెడెక్కాక తను చేనికి వచ్చింది. ఎప్పుడూ రాదు. గట్టు మీద నిలబడి ఫోన్ చూసుకుని, "ఇప్పుడు పోతాంటుంది నాయనా" అంది. ఇద్దరం తల పైకెత్తాం. ఏమీ లేదు. నీలం. ఎంత చూసినా నీలం. అంత ఎత్తులో ఒకటి మమ్మల్ని చూసుకుంటూ, మా ఊరినీ మా చేన్నీ ఎర్రటి చుక్కలుగా ఏరుకుంటూ, చప్పుడు లేకుండా పోతోందట. నా చేతిలోని గడ్డి తట్ట దించాలో ఎత్తాలో తెలియలేదు. పెద్దవాళ్లు దారిన పోతుంటే నిలబడినట్టు నిలబడ్డాను. "పోయింది" అంది కాసేపటికి. గాలి కూడా కదల్లేదు.

ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాం. బామ్మర్ది ఫోన్ చేశాడు. గొంతు చూస్తే పెళ్లికొడుకు గొంతు.

"బావా, మా ఆడ వాన! పొద్దున్నించీ మోడం దించుకోని ఉండె. ఇప్పుడు కొట్టింది చూడు, తోటలో మడవలు పారుతాండాయి!"

కూతురి చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది.

"పొద్దున్నించీ మోడమేంది మామా? మబ్బు లేదంటివి గదా!"

"తెల్లారినాక మబ్బెందుకుంటుందే? తెల్లారిందా అని అడుగుతాండావనుకుంటి. కోడి కూయంగనే ఫోన్ చేస్తివి, ఇంకేమనుకోవాల?"

"మేఘం మామా! నేను అడిగింది మేఘం!"

"అట్లయితే మోడం అనాల గదా. మీ అమ్మ కడుపున పుట్టి మోడానికి మబ్బంటావే? నువ్వేమన్నా రేడియోవా?"

నా భార్య ఫోన్ తీసుకుని తమ్ముణ్ణి తిట్టింది. తిట్టి, వాన ఎంత పడిందో, చెట్లకు పిందె నిలిచిందో అడిగింది. కూతురు చెయ్యి కడుక్కుంది. నేను బయటకు వచ్చి ఆకాశం చూశాను. మా మీద అదే నీలం. నాకు వాన లేదు, తనకు బొమ్మ లేదు. ఇద్దరినీ ఒకే దెబ్బతో సరిచేసినవాడికి దండం పెట్టాలో, తిట్టాలో తెలియక బీడీ ముట్టించాను.

మరునాడు బొమ్మ వచ్చింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు అద్దంలో చూసినట్టున్నాయి. ఏటిలో ఇసుక తిన్నెలు, కమలాపురం వైపు రైలు గీత, అన్నీ. ముద్దనూరు దాటి కిందికి పోయేకొద్దీ ఒక్కొక్క పింజ మొదలై, పులివెందుల దగ్గర అంతా కలిసిపోయింది. చిన్నప్పుడు మా నాయన విల్లు నారిని కొయ్యతో మీటుతుంటే గది నిండా దూది లేచేది. ఆ దూదిలో మా నాయన మోకాళ్ల దాకా మునిగి, పై సగం మాత్రమే ఉన్న మనిషిలా కనిపించేవాడు. టంయ్ టంయ్ అనే ఆ నాదం నాకు ఆ తెరలోంచి వినిపించింది.

"ఇంత మంచి దూది నేను ఎన్నడూ ఏకలేదు మ్మే" అన్నాను. అనకూడని వేళ అన్నాను. తను ఏడవబోయి నవ్వింది, నవ్వబోయి ఏడ్చింది.

తరువాత పైనామెకు ఫోన్ చేసింది. నేనే చెయ్యమన్నాను. ఆమె మాటలు నాకూ వినిపించాయి.

"నువ్వు తేటగా ఉందన్నావు కదమ్మాయ్?"

"అన్నాను మేడం. మా మామను మబ్బుందా అని అడిగాను. మా దగ్గర మబ్బంటే తెల్లవారుజాము చీకటి. ఆయన చీకటి పోయిందని చెప్పాడు."

ఆమె నవ్వుతుందేమోనని ఆశపడ్డాను. నవ్వలేదు. "మరి నువ్వు మీ మాటలోనే అడగాల్సింది. ఇప్పుడు వేరేవాళ్లకు ఇవ్వడానికి టైం లేదు. ఉన్న బొమ్మలతో ఎలా చేస్తావో చెయ్యి. ఎల్లుండికి షీటు కావాలి" అని పెట్టేసింది. కఠినంగా మాట్లాడింది గానీ తప్పుగా మాట్లాడలేదు.

రెండు రోజులు తను పులివెందులను అతికింది. పుబ్బ చివరలో తీసిన ఒక బొమ్మలో తూర్పు పక్క తేటగా ఉంటే అది తీసుకుంది. మరొకదానిలో రెండు మోడాల మధ్య సందు దొరికితే ఆ సందును తీసుకుంది. ఒక్కొక్క ముక్క రంగు ఒక్కో తీరుగా ఉంటే, అన్నీ ఒకే పూట చూసినట్టు కనపడేదాకా దిద్దింది. నేను ముక్కాలిపీట మీదే ఉన్నాను. ఆ రెండు రోజులు పులివెందుల ఒక కలలో ఊరు తేలినట్టు కొంచెం కొంచెంగా బయటపడింది. ముందు బైపాసు వంపు. తరువాత ఒక చెరువు సగం. తరువాత ఆ చెరువు రెండో సగం, వేరే రోజుది, నీళ్లు కొంచెం తక్కువగా.

చివరికి ఒక చిల్లు మిగిలింది. అరచేతి ఆకారంలో. ఏ రోజు బొమ్మలో చూసినా ఆ చోట మోడమే. అందులో బామ్మర్ది తోట కూడా ఉంది.

నా భార్య వంగి చూసింది. "పోయినేటి బొమ్మలో ఈ ముక్క ఉంది గదా. అది పెట్టి కుట్టు. బొంతకు ఏ గుడ్డయితే ఏమి? చీనీ చెట్లు యాడికి పోతాయి?"

"ఎవరు చూడొచ్చినారు?" అన్నాను నేను కూడా. దాపరికమెందుకు, నేనూ అదే చెప్పాను. బట్టల అంగడి నా కళ్ల ముందు ఉంది.

కూతురు మా ఇద్దరి వైపూ చూడలేదు. తెర వైపే చూస్తూ అంది. "పోయినేటికీ ఈ యేటికీ ఏం మారిందో చూసేదానికే గదమ్మా ఈ షీటు. పోయినేటిదే పెడితే ఏమీ మారలేదని నేనే చెప్పినట్టు. చెట్లు ఉండాయో కొట్టేసినారో నాకు తెలీదు. తెలీదని చెప్తే చాలు."

"తెలీదంటే పని పోతాది మ్మే."

"పోతే పోతాది నాయనా."

తను చిల్లును చిల్లుగానే ఉంచి, దాని చుట్టూ సన్నని గీత గీసి, ఇక్కడ మేఘం, నేల కనపడలేదు అని రాసింది. పంపేసింది. పంపాక కంప్యూటరు మూసి, వాళ్లమ్మతో కలిసి మిద్దె మీది మిరపకాయలు తిరగేయడానికి పోయింది.

జవాబు రావడానికి కొన్నాళ్లు పట్టింది. ఉత్తర దాటిపోయింది, వాన రాలేదు. ఇంట్లో ఎవరం ఆ సంగతి ఎత్తేవాళ్లం కాదు. తను రెండుసార్లు ప్రొద్దుటూరుకు పోయి వచ్చింది. ఎందుకని అడగలేదు. అంగడి యజమానిని కలిసి వచ్చిందని ఊహించాను. రాత్రి కాళ్లు గోడకు ఆనించి పడుకుంటే, నిలబడకముందే నొప్పులు మొదలయ్యాయా అని అడగబోయి మానుకున్నాను.

నా చేను పీకేయాలని నిర్ణయించుకున్నాను. ఆకు పండి రాలిపోతోంది. మేకలకైనా మేతవుతుంది. ఒక్కొక్క చెట్టూ పీకి దులిపితే అక్కడొకటి అక్కడొకటి కాయ. మిగిలిన ఊడలు నేల దాకా వచ్చి, లోపలికి పోలేక, గాలిలోనే ఎండిపోయి ఉన్నాయి. వాటిని చూస్తే తలుపు కొట్టి కొట్టి వెనక్కి తిరిగిపోయినవాళ్ల వేళ్లు గుర్తొచ్చాయి.

చేను సగం అయ్యేసరికి తను వచ్చింది. చెప్పులు గట్టు మీదే విడిచి నడుచుకుంటూ వచ్చింది.

"మేడం ఫోన్ చేసింది నాయనా."

నేను వంగినవాణ్ణి వంగినట్టే ఉన్నాను. "ఏమంటాది?"

"తిట్టింది. మాట సరిగా అడగకుండా ముందే ఒప్పుకోవద్దనింది. పులివెందుల అతుకులు మూడు చోట్ల మళ్లీ దిద్దమనింది." ఊపిరి తీసుకుంది. "చిల్లును అట్లనే ఉండనియ్యమనింది. చలికాలం షీటు కూడా నన్నే చెయ్యమనింది. ఉంచుకుంటారంట నాయనా."

నేను లేచి నిలబడ్డాను. నడుము పట్టేసింది. మాకు మెచ్చుకునే మాటలు తక్కువ. "మీ అమ్మకు చెప్తివా?" అన్నాను.

"చెప్పినా. ఏడ్చింది. మళ్లీ మామకు ఫోన్ చేసి ఇంకో తూరి తిట్టింది."

ఎండ పలచగా ఉంది. దూరంగా ముద్దనూరు వైపు పొగ నిలువుగా లేచి, ఎటు పోవాలో తోచనట్టు అక్కడే నిలబడింది. తను నా పక్క సాలులో వంగి, ఒక చెట్టు పీకి, నేను దులిపినట్టే మోకాలికి కొట్టి దులిపింది. ఒక్క కాయ. దాన్ని ఒలిచి నోట్లో వేసుకుంది. ఇంకొకటి పీకింది. అలా పక్కపక్క సాళ్లలో పీకుతూ సాగాం. మా వెనక ఎర్రనేల, మా ముందు సగం పండిన ఆకు. చేతికి రాని పంటను పీకుతూ కూడా ఆ పూట నా ఒంట్లో బరువు లేదు. కలలో లాగే చూపు మాత్రమే మిగిలినట్టుంది.

"నాయనా" అంది తను నడుము నిటారు చేసి, అటు ఇటు చూసి. "ఇప్పుడు గిన పైనించి బొమ్మ తీస్తే, ఈ చేన్ని ఏమని రాయాల నేను? పంటనా, బీడా?"

"పీకేదాకా పంట" అన్నాను. "పీకినాక నీ ఇష్టం."

తను వంగి తరువాతి చెట్టు పట్టుకుంది.